చుక్క ఎందుకు మిణుకుతుంది, గొర్రె ఎందుకు నల్లగుంది

ఇంగ్లీషు రాని అవ్వలు, తాతలు పిల్లలకు రైమ్స్ ఏం నేర్పుతారు, అది టీచరమ్మ పని, లేదంటే ఫోన్ పని అనే మాట ఈమధ్య మా బాన్సువాడలో ఇంటింటా వినబడుతోంది. 2022-23 విద్యాసంవత్సరం నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం వచ్చింది. ప్రైవేటు బడుల బస్సులు అంతకు ఎంతో ముందే బీర్కూరు, వర్ని, నస్రుల్లాబాద్ దారుల్లో పల్లెపల్లెకూ తిరుగుతున్నాయి. మూడేళ్ల పిల్ల అరుగు మీద కూర్చుని ట్వింకిల్ ట్వింకిల్ పాడుతుంటే, పక్కనే చిక్కుడుకాయలు తుంచుకుంటున్న అవ్వ ‘నాకేం తెలుస్తది బిడ్డా’ అని ఊరుకుంటోంది. చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది. ఆ పాటలో ఆ వయసు పిల్లకు కావలసినదంతా ఇవ్వగలిగిన మనిషి ఆ పక్కనే ఉంది. ఇది నేను ప్రేమ కొద్దీ అంటున్న మాట కాదు, సైన్సు చెప్పే మాటే. కొంచెం ఓపిగ్గా వినండి.

పసిబిడ్డకు పాటలో ముందు అందేది తాళం. అర్థం చాలా తర్వాత వస్తుంది. 2005లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో జెస్సికా ఫిలిప్స్-సిల్వర్, లారెల్ ట్రైనర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఏడు నెలల పిల్లలతో ఒక ముచ్చటైన పరీక్ష చేశారు. ఎక్కడా ఒత్తు లేని, సాఫీగా సాగే ఒక దరువు వినిపిస్తూ సగంమంది పిల్లలను ప్రతి రెండో దెబ్బకూ ఎగరేశారు, మిగతా సగాన్ని ప్రతి మూడో దెబ్బకూ ఎగరేశారు. దరువు రెండు గుంపులకూ ఒకటే, ఊపు వేరు. తర్వాత రెండు రకాల ఒత్తులతో అదే దరువు వినిపిస్తే, ఏ పిల్లలు ఏ లెక్కన ఊగారో ఆ లెక్క దరువునే ఎక్కువసేపు విన్నారు. అసలు సంగతి దీని తర్వాత ఉంది. తాము ఊగకుండా, వేరొకరు ఊగుతుంటే చూస్తూ కూర్చున్న పిల్లల్లో ఈ తేడా కనబడలేదు. అంటే తాళం చెవి ఒక్కదానితో ఎక్కేది కాదు, ఒళ్లంతా కదిలితేనే ఎక్కుతుంది. కాళ్లు చాపుకుని బిడ్డను పాదాల మీద కూర్చోబెట్టి ఊపే పని మన ఇళ్లలో ఎన్ని తరాల నుంచి సాగుతోందో ఆలోచించండి. ఇంగ్లాండు అమ్మమ్మలూ బిడ్డను మోకాలి మీద గుర్రం ఆడిస్తూ పాడే పాటలు ఎన్నో కట్టుకున్నారు. ఒళ్లు మారింది, భాష మారింది, పని అదే.

ఇంకొంచెం వెనక్కి, అమ్మ కడుపు దాకా పోదాం. ఆరో నెల దాటేసరికి గర్భంలో బిడ్డ చెవి పనిచేయడం మొదలవుతుంది. 1986లో అమెరికాలో ఆంథొనీ డికాస్పర్, మెలనీ స్పెన్స్ అనేవాళ్లు కొందరు గర్భిణులను చివరి ఆరు వారాలూ రోజుకు రెండుసార్లు ఒకే పిల్లల కథను బిగ్గరగా చదవమన్నారు. ప్రాసలతో గంతులేసే కథ అది. పుట్టిన తర్వాత ఆ పిల్లల నోటికి ఒక ప్రత్యేకమైన పాలపీక ఇచ్చారు. ఒక తీరుగా చప్పరిస్తే కడుపులో విన్న కథ వస్తుంది, ఇంకో తీరుగా చప్పరిస్తే కొత్త కథ వస్తుంది. రెండు మూడు రోజుల వయసు పిల్లలు పాత కథ వచ్చే తీరుగానే చప్పరించారు! కడుపు గోడలు, నీళ్లు దాటి లోపలికి మాటలు స్పష్టంగా పోవు. పోయేది స్వరం ఎత్తూ పల్లం, లయ. బిడ్డ పట్టుకున్నది వాటినే. మా ఊరి మాతా శిశు ఆసుపత్రి గేటు దగ్గర కాన్పు కోసం వచ్చి కూర్చున్న ఆడబిడ్డలను చూసినప్పుడల్లా నాకు ఈ ప్రయోగమే యాదికొస్తుంది. వాళ్లు పక్కవాళ్లతో ఆడే ప్రతి మాట వెనకా లోపల ఒక శ్రోత ఉంది.

మరి బిడ్డ భాష ఒకటి, పాట భాష ఒకటి అయితే? హార్వర్డ్ శాస్త్రవేత్తలు 2020లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది. అమెరికాలోని 144 మంది పసిపిల్లలకు వాళ్ల ఇళ్లలో ఎన్నడూ వినబడని భాషల పాటలు వినిపించారు. కొన్ని జోలపాటలు, కొన్ని వేరే పాటలు. ఒక్క మాటా అర్థం కాకపోయినా జోలపాటలు విన్నప్పుడు పిల్లల గుండె వేగం ఎక్కువగా తగ్గింది, ఒళ్లు నెమ్మదించింది. కాబట్టి అమ్మమ్మ తెలుగులో పాడినా, ఇంగ్లీషులో తప్పుల తడకగా పాడినా, లంబాడీలో పాడినా బిడ్డ గుండెకు ఆ పాట అందుతుంది.

2023 చివర్లో కేంబ్రిడ్జి నుంచి వచ్చిన పరిశోధన మన విషయానికి మరీ దగ్గరిది. ఉషా గోస్వామి బృందం యాభై మంది పసిపిల్లలకు నాలుగు, ఏడు, పదకొండు నెలల వయసుల్లో ఒక టీచరు పద్ధెనిమిది నర్సరీ రైమ్స్ పాడుతున్న వీడియో చూపించి, నెత్తి మీద చిన్న చిన్న ఎలక్ట్రోడ్లు పెట్టి మెదడులోని విద్యుత్తు అలలను నమోదు చేసింది. విడివిడి ధ్వనులు, అంటే ఇది ‘ప’, ఇది ‘బ’ అని తేడా పట్టుకోవడం, ఏడు నెలల దాకా మెదడులో నికరంగా కనబడలేదు. ఆ తర్వాత కూడా కొద్దికొద్దిగానే పెరిగింది. మాటల ఊపు, ఎక్కడ నొక్కాలి ఎక్కడ వదలాలి అనే లయ మాత్రం అంతకు ముందే అందుతోంది. ఆ లయ ఆసరాతోనే, ఒక మాట ఎక్కడ ముగిసి ఇంకో మాట ఎక్కడ మొదలవుతుందో బిడ్డకు తెలుస్తుందని గోస్వామి అంటారు. మన పెద్దవాళ్లు బడి చదువు లేకుండానే చప్పట్లు కొట్టిస్తూ, వేళ్లు ముడిపిస్తూ, తల ఊపిస్తూ పాడించింది ఈ లయనే.

ఇక ధ్వనుల సంగతి. ఇందులో మన ‘ట’కు, ‘త’కు ప్రపంచ ఖ్యాతి దక్కింది! 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే కెనడా శాస్త్రవేత్తలు ఇంగ్లీషు మాట్లాడే ఇళ్లలో పుట్టిన పిల్లలకు హిందీలోని ట, త లాంటి ధ్వనులు వినిపించారు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు ఆ రెంటికీ తేడా చక్కగా పట్టుకున్నారు. ఏడాది నిండవచ్చేసరికి ఆ శక్తి పోయింది. ఇంటి భాషలో అక్కర లేని తేడాలను చెవి వదిలేసుకుంటుందన్నమాట. మన పిల్లలు ఈ విషయంలో ఎంత అదృష్టవంతులో చూడండి. బాన్సువాడ అంగట్లో ఒక గంట తిరిగితే తెలుగు, ఉర్దూ, తండాల నుంచి వచ్చినవాళ్ల లంబాడీ, జుక్కల్, మద్నూర్ వైపు నుంచి వచ్చే మరాఠీ, నిజాంసాగర్ నీళ్ల కోసం ఎప్పుడో వలస వచ్చి క్యాంపుల్లో స్థిరపడిన కోస్తా రైతుల తెలుగు యాస, అన్నీ చెవిన పడతాయి. ఇన్ని భాషల మధ్య పెరుగుతున్న చెవికి ఇంగ్లీషు బరువు కాదు.

అయితే ఆ ధ్వని మనిషి నోటి నుంచే రావాలి. దీన్ని తేల్చింది 2003లో ప్యాట్రీషియా కూల్ చేసిన ప్రయోగం. తొమ్మిది నెలల అమెరికా పిల్లల్లో కొందరితో చైనా భాష మాట్లాడేవాళ్లు ఎదురుగా కూర్చుని పన్నెండు విడతలు ఆడుతూ మాట్లాడారు. ఇంకొందరికి అదే మనుషులను, అవే మాటలను టీవీలో చూపించారు. మొదటి గుంపు పిల్లలు ఆ భాష ధ్వనుల తేడాలు పట్టుకున్నారు. టీవీ చూసిన గుంపుకు ఏమీ అంటలేదు. ఇప్పుడు చెన్నైలో 2013లో మొదలైన చూచూ టీవీ లాంటి ఛానళ్ల రైమ్స్ ప్రపంచమంతా మోగుతున్నాయి. పాటలు బాగుంటాయి, బొమ్మలు బాగుంటాయి, నాకూ ఇష్టమే. కానీ రెండేళ్ల లోపు బిడ్డకు తెర వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వయసులో రోజుకు గంటకు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఫోన్‌లో ఆ పాట ముందు మీరు నేర్చుకోండి. నేర్చుకున్నాక ఫోన్ పక్కన పెట్టి, బిడ్డ కళ్లలోకి చూస్తూ పాడండి. బిడ్డ నవ్వితే మీరు ఆగుతారు, బిడ్డ చేయి ఊపితే మీరు వేగం పెంచుతారు. తెరకు ఆ పని చేతకాదు.

బడికి పోయే వయసు వచ్చాక రైమ్స్ ఇంకో మేలు చేస్తాయి. ఆక్స్‌ఫర్డ్‌లో పీటర్ బ్రయంట్, లినెట్ బ్రాడ్లీ, వాళ్ల తోటివాళ్లు 64 మంది పిల్లలను మూడేళ్ల నాలుగు నెలల వయసు నుంచి ఆరేళ్ల దాకా గమనించి 1989లో ఫలితాలు ప్రకటించారు. చిన్నప్పుడు ఎక్కువ రైమ్స్ వచ్చిన పిల్లలే తర్వాత చదవడంలో, స్పెల్లింగులో ముందున్నారు. తల్లి చదువు, పిల్ల తెలివి లాంటివన్నీ లెక్కలోంచి తీసేసి చూసినా సంబంధం నిలిచింది. కారణం తేలికే. పాటలో రెండు మాటల చివరలు ఒకేలా మోగితే, మాట అనేది ముక్కలుగా విడదీయగలిగే వస్తువని పిల్ల చెవికి తెలుస్తుంది. ఆ ఎరుక ఉన్న పిల్లకు అక్షరాలు అతికించుకోవడం సులువు.

ఇక్కడ తెలుగు చెవికి ఒక ప్రత్యేకత ఉంది. ఇంగ్లీషు రైమ్ పంక్తి చివర మోగుతుంది. మన పద్యం మొదట్లో మోగుతుంది, ప్రాస రెండో అక్షరం మీద పడుతుంది. యతి పాదం మధ్యలో మొదటి అక్షరానికి బదులు పలుకుతుంది. మన పిల్లల పాటల్లో చివరి మోతా ఉంటుంది, మొదటి మోతా ఉంటుంది. రెండూ విన్న పిల్లకు మాటను రెండు వైపుల నుంచీ పట్టుకునే ఒడుపు వస్తుంది. ఇంకోటి, మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. అందుకే పాతకాలంలో బస్ బస్సయింది, బుక్ బుక్కయింది. మాట చివర హల్లు మీద టక్కున ఆగడం మన నాలుకకు కొత్త. ఆ ఆగడం రైమ్స్‌లో పాట వేగంతో తనంతట తనే వస్తుంది. బెత్తం పట్టుకుని ఎంత దిద్దినా రానిది పాటతో వస్తుంది. రాత్రి అన్నాలయ్యాక ఒక ఆట ఆడండి. మీరు ‘మాట’ అనండి, పిల్ల ‘పాట’ అంటుంది, అవ్వ ‘కోట’ అంటుంది, తాత ‘తోట’ అంటాడు, ఎవరో ‘వేట’ అంటారు. అయిపోయాక ‘క్యాట్’ తీసుకుని అదే ఆట. ఇందులో ఇంగ్లీషు రాని అవ్వ కూడా మూడు రాత్రులు తిరిగేసరికి ‘హ్యాట్’ అంటుంది.

ఇంతదాకా పాట మోత గురించి. నాకు ఇంతకన్నా ఇష్టమైనది, పాట అయిపోయాక పిల్లలు అడిగే ప్రశ్న. రైమ్‌ను చుట్టాల ముందు అప్పజెప్పించుకుని చప్పట్లు కొట్టి వదిలేస్తే ఆ ప్రశ్న నోట్లోనే ఆరిపోతుంది.

ట్వింకిల్ ట్వింకిల్ సంగతే తీసుకోండి. ఇది జేన్ టేలర్ అనే ఇంగ్లీషు యువతి రాసిన ‘ద స్టార్’ అనే కవిత, 1806లో అచ్చయింది. మొత్తం ఐదు చరణాలు, లోకమంతా పాడేది మొదటి ఒక్కటే. దాని వరస మాత్రం ఇంగ్లాండుది కాదు, 1761 నాటికే అచ్చయిన ఒక ఫ్రెంచి పాటది. 1780ల తొలినాళ్లలో మొజార్ట్ ఆ వరస మీద పన్నెండు రకాల అల్లికలు చేశాడు. మన సంగీతం లెక్కన అది శంకరాభరణం మెట్ల మీద నడిచే వరస. మొదట స దగ్గర నిలబడి, ఒక్క గెంతున ప మీదికి పోతుంది. స, ప ల కంపనాల నిష్పత్తి రెండుకు మూడు. తంబురా తీగల్లో వినబడే జోడీ ఇదే, అందుకే ఆ గెంతు ఏ దేశపు పిల్లకైనా అంత తేలిగ్గా అందుతుంది. ఏబీసీడీల పాటదీ ఇదే వరస, బా బా బ్లాక్ షీప్‌దీ ఇంచుమించు ఇదే. మూడూ ఒకదాని వెంట ఒకటి పాడి వినిపించండి, అయిదేళ్ల పిల్ల కళ్లు ఎంత పెద్దవవుతాయో చూడండి.

‘తాతా, చుక్కలు ఎందుకు మిణుకుమిణుకుమంటయ్?’ అని పిల్ల అడిగితే, మేడ మీదికి తీసుకుపోండి. చుక్క మిణకదు బిడ్డా, మిణికేది మన నెత్తి మీది గాలి. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం నిజాంసాగర్ రోడ్డు మీద దూరంగా చూస్తే తారు పైన సెగ వణుకుతూ, ఎదురుగా వచ్చే లారీ నీళ్లలో ఉన్నట్టు ఊగుతుంది కదా. వేడిగాలి, చల్లగాలి కలిసే చోట వెలుతురు కొంచెం వంగుతుంది. దాన్నే వక్రీభవనం అంటారు. ఆకాశంలోనూ ఇదే జరుగుతుంది. నెత్తిన ఉన్న గాలి అంతా ఒకే తీరుగా ఉండదు, వేడి పొరలూ చల్లని పొరలూ కదిలే వంకర అద్దాల్లా పేర్చి ఉంటాయి. చుక్క వెలుగు వాటిని దాటుతూ అటూ ఇటూ వంగి, ఒక క్షణం మన కంటికి ఎక్కువ చేరుతుంది, మరో క్షణం తక్కువ. అదే మిణుకు.

మరి గ్రహాలు ఎందుకు మిణకవు? చుక్కలు ఎంత పెద్దవైనా మరీ దూరం. రాత్రి ఆకాశంలో అన్నిటికన్నా కాంతిగా కనబడే సిరియస్ వెలుగు మనదాకా రావడానికి ఎనిమిదిన్నర ఏళ్లకు పైనే పడుతుంది. అంత దూరాన అది ఒట్టి చుక్క, ఒక్క బిందువు. శుక్రుడు, గురుడు దగ్గరివి కాబట్టి కంటికి తెలియకపోయినా చిన్న బిళ్లలు. బిళ్లలో ఒక అంచు వెలుగు తగ్గినప్పుడు ఇంకో అంచుది పెరుగుతుంది, మొత్తం మీద నిలకడ. మీ పిల్లతో పరీక్ష పెట్టండి. తెల్లవారుజామున వేగుచుక్క కనబడే రోజుల్లో లేపి చూపండి, అది నిలకడగా వెలుగుతుంది, ఎందుకంటే అది చుక్క కాదు, శుక్రగ్రహం. శీతకాలం రాత్రి గొర్రుకొయ్యలు చూపించి, ఆ మూడు చుక్కల వరస వెంట కిందికి చూపు జరపమనండి, సిరియస్ తగులుతుంది. అది తక్కువ ఎత్తులో ఉన్నప్పుడు ఎరుపు, నీలం, తెలుపు రంగులు మార్చుతూ మెరుస్తుంది. ఆకాశపు అంచుకు దగ్గరైన కొద్దీ వెలుగు దాటాల్సిన గాలి పెరుగుతుంది, ఒక్కో రంగు ఒక్కో మేర వంగుతుంది.

గొర్రుకొయ్యలు, పిల్లలకోడి చూసి రాత్రి ఎంత పొద్దుపోయిందో చెప్పి, మడికి నీళ్లు మళ్లించడానికి లేచిపోయే రైతులు ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఉండేవారు. జేన్ టేలర్ కవిత మూడో చరణంలోనూ చీకట్లో నడిచే బాటసారి దారి చూపిన చుక్కకు దండం పెట్టుకుంటాడు. ఇంగ్లాండు బాటసారికీ మంజీర ఒడ్డు రైతుకూ చుక్కతో ఉన్న చుట్టరికం ఒకటే. పిల్లలకు ఈ మాట చెప్పండి, రైమ్ పరాయిది అనిపించదు.

హైదరాబాద్‌లో చుక్కలు లెక్కపెట్టిన చోటు కూడా ఉంది. నవాబ్ జఫర్ జంగ్ అనే ఆయన ఇంగ్లాండు నుంచి పెద్ద టెలిస్కోపు తెప్పించి మొదలుపెట్టిన నిజామియా అబ్జర్వేటరీ 1908లో నిజాం ప్రభుత్వం చేతికి వచ్చింది, తర్వాత బేగంపేటలో నిలిచింది. ప్రపంచ దేశాలు ఆకాశాన్ని పంచుకుని పటం గీసే పనిలో హైదరాబాద్ కూడా తన వాటా ఆకాశాన్ని ఫొటో పలకల మీదికి తీసి, ఏడు లక్షల అరవై వేలకు పైగా నక్షత్రాల స్థానాలు కొలిచి సంపుటాలుగా వేసింది. తర్వాత ఉస్మానియా విశ్వవిద్యాలయం జాపాల్-రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోపు పెట్టింది. గాలి మిణుకు బాధ తప్పించుకోవడానికే ఇప్పుడు లదాఖ్‌లోని హాన్లే లాంటి చోట, 4,500 మీటర్ల ఎత్తున టెలిస్కోపులు పెడుతున్నారు. అక్కడ గాలి పలచన. ఇంకా పెద్ద టెలిస్కోపుల్లో అయితే ఆకాశంలోకి లేజరు వేసి ఉత్తుత్తి చుక్కను పుట్టించి, దాని వణుకు చూసి అద్దాన్ని సెకనుకు వందలసార్లు సరిచేస్తారు. ఇక చుక్క వజ్రంలా ఉందన్న పాటలోని పోలికకు కూడా ఆకాశం సాక్ష్యం ఇచ్చింది. మనకు యాభై కాంతి సంవత్సరాల దూరాన, దక్షిణాన కనిపించే సెంటారస్ నక్షత్రమండలంలో ఒక ముసలి నక్షత్రం ఉంది. దాని లోపలి కార్బన్ చాలావరకు స్ఫటికంగా గడ్డకట్టిందని 2004లో శాస్త్రవేత్తలు తేల్చి, దానికి లూసీ అని ముద్దుపేరు పెట్టారు. వజ్రం కూడా కార్బన్ స్ఫటికమే.

ఇప్పుడు నల్లగొర్రె. బా బా బ్లాక్ షీప్ 1744 నాటి ‘టామీ థంబ్స్ ప్రెటీ సాంగ్ బుక్’లోనే ఉంది. ఇంగ్లాండులో నల్ల ఉన్నికి ధర తక్కువ, ఎందుకంటే దానికి వేరే రంగు ఎక్కదు. మా వైపు కథ వేరు. దక్కనీ గొర్రె ఎక్కువగా నల్లటిదే, దాని ముతక ఉన్నితోనే కురుమలు గొంగడి నేస్తారు. ఉన్ని కత్తిరించి, ఏకి, వడికి, నూలుకు చింతగింజల గంజి పట్టించి, గుంట మగ్గం మీద నేసే పని అది. నలుపు మెలనిన్ అనే రంగు పదార్థం వల్ల వస్తుంది, మన వెంట్రుకలకూ అదే. యూరప్ గొర్రెల్లో చాలా జాతులకు తెలుపు గుణం బలమైనది, నలుపు దాని వెనక దాగి ఉంటుంది. తల్లి, తండ్రి ఇద్దరిలోనూ ఆ దాగిన గుణం ఉంటే రెండు తెల్ల గొర్రెలకు ఒక నల్లపిల్ల పుడుతుంది. ఇంగ్లీషువాళ్లకు మందలో నల్లగొర్రె వింతగా కనబడింది అందుకే. మా పిల్లలు ఆ పాట పాడితే వాళ్ల కళ్ల ముందు వింతేమీ ఉండదు, కోతలయ్యాక ఎరువు కోసం పొలంలో రాత్రిళ్లు ఆపిన మంద ఉంటుంది.

వానాకాలం గొర్రెలకాపరి గొంగడి తల మీదుగా ముడిచి కప్పుకుని రోజంతా తడిలో నిలబడతాడు, వణకడు. ఉన్నిపోగు వంకరలు తిరిగి ఉంటుంది, ఆ వంకరల్లో గాలి చిక్కుకుంటుంది, చిక్కిన గాలి వేడిని బయటికి పోనీయదు. పోగు పైపొర పొలుసులు నీటి చుక్కను జార్చేస్తాయి, లోపలి భాగం మాత్రం ఆవిరిని పీలుస్తుంది. తన బరువులో మూడోవంతు దాకా తేమ పట్టినా చేతికి తడి తగలదు. అలా తేమను పీల్చేటప్పుడు ఉన్ని కొద్దిగా వేడి పుట్టిస్తుంది కూడా. ఇంట్లో పాత గొంగడి ఉంటే ఒక మూల మీద నాలుగు చుక్కల నీళ్లు వేయించండి, పక్కనే నూలు తువ్వాల మీద నాలుగు చుక్కలు వేయించండి. తేడా పిల్లలే చెప్తారు. ఉన్ని లేని మాంసం జాతి గొర్రెలు పెరిగి, దక్కనీ గొర్రె తగ్గి, గొంగడి నేసే ఇళ్లు ఒకటొకటిగా మూతపడుతున్నాయి. ఈ విద్య పోకూడదని నా కోరిక. గొంగడి అల్మారాలో దాచే జ్ఞాపకం కాదు, ఇప్పటికీ పనికొచ్చే బట్ట.

రెయిన్ రెయిన్ గో అవే పాడుతున్న పిల్లను చూసి ఒక రైతు తాత నొచ్చుకోవడం నాకు తెలుసు. వానను పొమ్మనడం ఏంది అని ఆయన బాధ. నిజమే, మన పిల్లలు వానను పిలిచే పాటలు పాడతారు. వానలు మొగం చాటేస్తే తెలంగాణ పల్లెల్లో కప్పతల్లి ఆట ఆడతారు, రోకలికి వేపమండలు, కప్పను కట్టుకుని ఇంటింటికీ పోతే ఆడవాళ్లు బిందెలతో నీళ్లు పోస్తారు. ఆ తాతకు చెప్పవలసిన లెక్క ఒకటుంది. లండన్‌లో ఏడాదికి కురిసేది సుమారు 600 మిల్లీమీటర్లు, మా నిజామాబాద్, కామారెడ్డి వైపు సుమారు 1000 మిల్లీమీటర్లు. వాన మనకే ఎక్కువ! తేడా అంతా కురిసే తీరులో ఉంది. అక్కడ ఏడాది పొడుగునా సన్నగా తుంపర, పిల్లలు ఆడుకోవడానికి పూట దొరకదు. మనకు ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపలే. ఆ నాలుగు నెలల నీళ్లను పట్టి ఉంచడానికే 1923 నుంచి 1931 దాకా మంజీర మీద నిజాంసాగర్ కట్టారు. ఒక దేశం పొమ్మన్న వానను ఇంకో దేశం రమ్మనడంలో విడ్డూరం లేదు, ఇద్దరూ తమ ఆకాశం చూసే పాడారు.

తొలకరి వాసన ఎందుకొస్తుందని కూడా పిల్లలు అడుగుతారు. 1964లో ఆస్ట్రేలియాలో ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ ఆ వాసన మీద పరిశోధన ప్రకటించారు. ఎండిన రాయి, మట్టి పట్టి ఉంచుకున్న నూనెలు, మట్టిలోని సూక్ష్మజీవులు చేసే జియోస్మిన్ అనే పదార్థం చినుకు తగలగానే గాలిలోకి లేస్తాయి. జియోస్మిన్‌ను మనిషి ముక్కు ఊహకందనంత తక్కువ మోతాదులో కూడా పట్టేస్తుంది. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్ అత్తరువాళ్లు ఆ వాసనను సీసాలో పట్టి అమ్మడం అంతకు ఎంతో ముందే నేర్చుకున్నారు.

హంప్టీ డంప్టీ గుడ్డు అని ఆ పాటలో ఎక్కడా లేదు. అది మొదట పొడుపుకథ, గుడ్డు అనేది విప్పు. 1871లో లూయిస్ క్యారల్ పుస్తకంలో గుడ్డు బొమ్మగా వేశాక ఎవరికీ విప్పే పని లేకుండా పోయింది. అంగన్‌వాడీలో పెట్టే గుడ్డుతోనే ఇంట్లో చూపండి. పచ్చి గుడ్డును రెండు కొసలూ రెండు అరచేతుల మధ్య ఉండేలా పట్టుకుని నొక్కమనండి, ఉంగరాలు తీసేయాలి సుమా. పగలదు. గుమ్మటం ఆకారం ఒత్తిడిని చుట్టూ పంచేస్తుంది. అదే గుడ్డు గిన్నె అంచుకు ఒక్క చోట తగిలితే పగులుతుంది. పగిలింది అతకదు, ఉడికింది పచ్చిగా మారదు అని మనం చెప్తూ వచ్చాం. 2015లో అమెరికా, ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఉడికించిన తెల్లసొనను యూరియాతో కరిగించి, వేగంగా తిప్పే యంత్రంలో వేసి, చిక్కుపడిన ప్రొటీను పోగులను మళ్లీ మొదటి మడతల్లోకి తెచ్చి చూపించారు. పెంకు సంగతి మాత్రం రాజుగారి మనుషులు వదిలేసిన చోటే ఉంది. ఇంకో జాగ్రత్త. రింగ రింగ రోజెస్ పాట ప్లేగు గురించి అని చాలామంది చెప్తారు, జానపద పరిశోధకులు దాన్ని ఒప్పుకోరు. పిల్లలకు ఆ భయం అంటించకండి.

చివరగా మేరీ గొర్రెపిల్ల. 1830లో బోస్టన్‌లో సారా జోసెఫా హేల్ అచ్చు వేయించిన ఈ కవితను 1877లో ఎడిసన్ తన కొత్త ఫోనోగ్రాఫు ముందు చెప్పి, తగరపు రేకు మీద పట్టిన తన గొంతు తిరిగి వినబడగానే తానే ఉలిక్కిపడ్డాడట. మన పాటలనూ అలా పట్టి దాచినవాళ్లున్నారు, ఉస్మానియా ఆచార్యులు బిరుదురాజు రామరాజు 1950ల్లో తెలుగు జానపద గేయాలను పోగుచేసి సిద్ధాంత గ్రంథం రాశారు. ఇప్పుడు ఎడిసన్ యంత్రంకన్నా ఎన్నో రెట్లు మేలైనది ప్రతి ఇంట్లో జేబులో ఉంది. మీ ఇంట్లో అవ్వ, నానమ్మ, నానీ, ఆజీ, ఎవరైనా సరే, పిల్లలకు పాడే పాటను ఈ ఆదివారమే పట్టండి. ముందు ఊరి పేరు, పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ పని చేస్తూ పాడేవారు అనేవి వాళ్ల నోటితోనే చెప్పించండి. ఫ్యాను ఆపండి, ఆ శబ్దం పాటను మింగేస్తుంది. ఫోన్‌ను గొంతుకు మూరెడు దూరంలో, బట్ట మీద పెట్టండి. పాట అయిపోగానే ఆపొద్దు, తర్వాత ఆమె తప్పకుండా ఇంకో పాట గుర్తు చేసుకుంటుంది.